మేకలు మేసిన మేర

మా అన్న సారం మీంచి పడిన నాటి నుంచి మా ఇంట్లో ఎవరి కాలూ ఒక చోట నిలవలేదు. పరంజాను మా వైపు సారం అంటారు. గుడియాత్తం దగ్గర ఒక మేడకు పైపూత పూస్తూ ఉండగా కాళ్ళ కింది కర్ర జారింది. తుంటి ఎముక విరిగింది. వేలూరులో లోపల కడ్డీ వేసి పంపించారు. నడవగలడు గానీ కుడికాలు ఈడుస్తాడు. ఇక సారం ఎక్కకూడదని డాక్టరు చెబితే తల ఊపి వచ్చాడు.

మాది కట్టుబడి కుటుంబం. తాత, నాయన, అన్న, అందరూ మేస్త్రీలే. ఇంట్లో తెలుగు, పనిలో అరవం. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించడం మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు. తెలుగు అక్షరాలు మాత్రం మా ఇంట్లో ఎవరికీ రావు. నాకు పెద్దయ్యాక వచ్చాయి. వేలూరులో నేను పని చేసే లాడ్జీకి వైద్యం కోసం ఆంధ్రా నుంచి జనం వస్తారు. వాళ్ళు గదుల్లో వదిలేసిన పత్రికలు చూసి, వాళ్ళనే అడిగి ఒక్కో అక్షరం నేర్చుకున్నాను.

అన్న ఇల్లు కే.వి.కుప్పం దాటాక ఒక గుట్ట కింద ఉంది. అది మా నాయన కట్టిన ఇల్లే. నేను సెలవు దొరికిన రోజు బస్సెక్కి వెళ్ళి వస్తుండేదాన్ని. పడిన తర్వాత ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు. కూర్చోవడం అంటే కూర్చోవడం కాదు. వాకిలి మెట్టు బాగానే ఉంటే పగలగొట్టి మళ్ళీ కట్టాడు. స్నానాల గది గోడకు పూసిన పూత గీకేసి మళ్ళీ పూశాడు. వదిన నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"ఇంగ కొంచెం దినాలు పోతే ఈ ఇల్లే ఇప్పి మళ్ళా కడతాడు వదినా. నువ్వన్నా చెప్పు. రాత్రి పండుకున్నా చేతులు ఆడతానే ఉంటాయి."

నేనేం చెప్పను? నేను చెప్పే లోపలే ఆయన గుట్టెక్కేశాడు.

ఆ గుట్ట గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. ఊరి పొరంబోకు. అడుగున వేలికాత్తాన్ ముళ్ళపొద. ఆంధ్రాలో దాన్నే సర్కారు తుమ్మ అంటారు. ఆ పొద దాటితే ఎండు గడ్డి, ఆ పైన బండలు. వాన పడితే నీళ్ళు ఒక్క చుక్క ఆగకుండా ఎర్రగా దిగి మా వీధిలోంచి పోయేవి. అన్న ఆ నీళ్ళు దిగే వంకలకు అడ్డంగా రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాడు. సిమెంటు లేదు, సున్నం లేదు. రాయి మీద రాయి, సందుల్లో చిన్న రాళ్ళు. ఎందుకు చేస్తున్నావని అడిగితే, "ఊరికే" అన్నాడు. ఆయన చేతికి అలవాటైన పని అదొక్కటే, దానికి ఎక్కడో ఒక చోటు కావాలి, అంతే అనుకున్నాను.

తరవాతి వానలకు ఆ రాళ్ళ వెనక మట్టి నిలబడింది. మట్టిలో పచ్చిక లేచింది. ఒక ఆదివారం వేలూరు నుంచి కొందరు కాలేజీ పిల్లలు, వాళ్ళతో అటవీ శాఖలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. వేలికాత్తాన్ పెరికి, ఈ నేలకు అలవాటైన చెట్లు మళ్ళీ నాటే పని వాళ్ళది. పక్క ఊరి గుట్ట మీద అప్పటికే మొదలుపెట్టారు. మా గుట్ట చూడడానికి వచ్చి ఆ రాతి కట్టల దగ్గర ఆగిపోయారు.

"ఇది ఎవరు కట్టింది?" అని పెద్దాయన అడిగితే అన్న భయపడి, "నాకు తెలీదు సార్" అన్నాడట. పొరంబోకులో చేయి పెట్టినందుకు కేసు పెడతారని ఆయన భయం. వదిన వెనక నుంచి, "ఈయనే సార్, ఈయన్ని తీసకపొండి, పుణ్యముంటాది" అంది.

అలా మొదలైంది. తాలూకా ఆఫీసు అనుమతి వాళ్ళే తెచ్చారు. రేల, కానుగ, ఉసిరి, నేరేడు, బలుసు, రేగు. మొక్కలు వాళ్ళు తెచ్చేవాళ్ళు, గుంతలు అందరూ తవ్వేవాళ్ళు, నీళ్ళు మాత్రం వారమంతా అన్న మోసేవాడు. క్యాను భుజాన పెట్టుకుని, కాలు ఈడుస్తూ, మధ్యమధ్య బండ మీద కూర్చుంటూ. నా సెలవు రోజు నేనూ మోసేదాన్ని. మొదట్లో నాకు కోపంగా ఉండేది. గదులు ఊడ్పించి, దుప్పట్లు లెక్క చూసి, నాలుగు భాషల్లో జనానికి దారులు చెప్పి అలిసిపోయి వస్తే ఇక్కడ బండల మీద నీళ్ళ మోతా?

కానీ రెండో ఏడు కౌజు పిట్టలు కూశాయి. పొద్దున్నే టీ తాగుతుంటే గుట్ట నుంచి ఆ కూత గొలుసుగా వచ్చింది. ఒకటి మొదలుపెడితే ఇంకొకటి అందుకుంది. అన్న గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"వినబడిందా పాపా? చిన్నప్పుడు వినిందే. మళ్ళా ఇప్పుడే."

ఆ తర్వాత కుందేలు కనబడింది. ఉడుము కనబడింది. నెమళ్ళు వచ్చాయి. నెమళ్ళు వచ్చినందుకు ఊళ్ళో అందరూ మురిసిపోయారని చెప్పలేను. వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, వేసిన వాళ్ళు ఇంటి ముందుకొచ్చి తిట్టారు. "నీ పక్షులు నా చేను మేస్తా ఉండాయి, వాటికి నువ్వే కూడు పెట్టు" అన్నారు.  అన్నకు లోపల సంతోషంగానే ఉందని నాకు తెలుసు. కానీ ఆ సంతోషం ఆయన్ని ఇంకా కుదురుగా ఉండనివ్వలేదు. ముందు పని లేక తిరిగాడు, ఇప్పుడు కాపలాకు తిరుగుతున్నాడు. అన్నం ముందు కూర్చుని గుట్ట వైపు చూసేవాడు.

కాపలా ముఖ్యంగా ఒక అవ్వ మీద. గుట్టకు పడమటి అడుగున ఆఖరి ఇల్లు ఆమెది. ఒంటరి మనిషి. మేకలే ఆమె బతుకు. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ గుట్ట మీదే మేపింది. ఆదివారాల్లో వచ్చే ఆ కాలేజీ పిల్లలు, మేం ఆదివారం పిల్లలు అనేవాళ్ళం, గుట్ట చుట్టూ ముళ్ళకంప కంచె వేశారు. పడమటి వైపు కంచె ఎప్పుడూ తెరిచే ఉండేది. దాన్ని ఎవరు తెరిచేవాళ్ళో అందరికీ తెలుసు.

"అవ్వా, మొక్కలుండాయి, ఇట్ల తోలొద్దని ఎన్ని తూర్లు చెప్పాల?" అని అన్న అరిస్తే, అవ్వ కర్ర మీద గడ్డం ఆనించి వినేది.

"సరి సరి. మొక్కలు నీవి. మేకలు నావి. వాటికి ఆకలి యాడికి పోతాది నాయనా? నువ్వు చెప్పు, ఆడికే తోలతా."

అన్న మళ్ళీ కంచె మూసేవాడు. మర్నాడు మళ్ళీ తెరిచి ఉండేది. పడమటి వాలు మీద గడ్డి నేలకు అంటుకుపోయి, గుండు గీసినట్టు ఉండేది. అక్కడ నాటిన మొక్కలన్నిటికీ మొదళ్ళే మిగిలాయి.

ఆ వేసవి కత్తెర ఎండల్లో ఒక మధ్యాహ్నం నేను లాడ్జీలో కడప నుంచి వచ్చిన ఒక ముసలాయనకు స్కానింగు దారి చెబుతున్నాను. ఫోను మోగింది. వదిన.

"వదినా, గుట్ట మండతా ఉండాది. మీ అన్న పైన ఉండాడు. ఫోను ఎత్తలేదు. సీక్రం రా."

ఎలా బయటపడ్డానో తెలియదు. గుడియాత్తం బస్సులో కూర్చోలేక నిలబడ్డాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కండక్టరు రెండుసార్లు "ఉక్కారుమ్మా" అని కూర్చోమన్నాడు. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగింది. గూడ్సు బండి పోతూనే ఉంది, పోతూనే ఉంది. దిగి నడిచిపోదామా అనిపించింది, అది నడిచిపోయే దూరం కాదని తెలిసి కూడా. లత్తేరి దాటాక కుడివైపు ఆకాశంలో పొగ కనబడింది. బస్సులో ఎవరో, "ఎవరో గడ్డికి పెట్టుంటారు, ప్రతి ఏడూ ఉండేదే" అన్నారు. నిజమే. ప్రతి ఏడూ ఏదో ఒక గుట్ట మండుతుంది. ప్రతి ఏడూ నేనూ బస్సు కిటికీ లోంచి చూసి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఊరుకున్నదాన్నే.

నేను చేరేసరికి ఫైర్ బండి గుట్ట కింద నిలబడి ఉంది. పైకి దారి లేదు, గొట్టం అందదు. ఆ మనుషులు కొమ్మలు విరిచి పట్టుకుని నడిచే ఎక్కుతున్నారు. ఊరి వాళ్ళు కొందరు ఎక్కారు. నెమళ్ళ కోసం తిట్టిన చెనిక్కాయ రైతు కూడా గోనె సంచి తడిపి భుజాన వేసుకుని ఎక్కుతున్నాడు. నేను కానుగ కొమ్మ ఒకటి పట్టుకున్నాను. ఎండు గడ్డి మంట ఎత్తుగా ఉండదు. మోకాలి దాకా ఉంటుంది. కానీ పరుగెత్తుతుంది. ఒక చోట కొట్టి ఆర్పి తల ఎత్తితే ఇంకో చోట లేచి ఉంటుంది.  అన్నను పిలుస్తూ పైకి ఎక్కాను.

పై వంక దగ్గర, రాతి కట్ట పక్కన కనబడ్డాడు. ఒక బలుసు పొద చుట్టూ గడ్డిని పారతో చెక్కేస్తున్నాడు. కనుబొమలు కాలి ఉన్నాయి. ముంజేతి మీద తోలు ఎర్రగా లేచి ఉంది.

"దిగు అన్నా! దిగు!"

"ఈడ కౌజు గుడ్లు ఉండాయి పాపా. అది లేసి ఎగిరిపోయింది. వచ్చేస్తాది. ఈ కొంచెం చెక్కేస్తే చాలు."

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆయన పార వదల్లేదు. చివరికి ఇద్దరం కలిసి చెక్కాం. మంట మాకు రెండు వైపులా నడిచి పోయింది. ఆ వేడిలో నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చుట్టూ నల్లగా ఉంది, పొద పచ్చగా ఉంది. అన్న నేల మీద కూలబడి దగ్గుతున్నాడు.

పొద్దు వాలేసరికి మంట దానంతట అదే ఆగింది. మేం ఆర్పామని చెప్పుకోవచ్చు గానీ, మేం ఆర్పింది కొంతే. తూర్పు వాలు మొత్తం పోయింది. ఆదివారం పిల్లలు మర్నాడు వచ్చి బూడిదలో నిలబడి ఏడ్చారు. పెద్దాయన ఒక్కో మొక్క మొదలు దగ్గర వంగి బెరడు గీరి చూశాడు. కౌజు తిరిగి రాలేదు. అన్న చేతికి కట్టుతోనే రోజూ వెళ్ళి గుడ్లు చూసి వచ్చేవాడు. ఒక రోజు అవి లేవు. ముంగిసో, కాకో.

ఊళ్ళో మాట ఒక్కటే. అవ్వే పెట్టింది. కొత్త గడ్డి మొలుస్తుందని మేకల వాళ్ళు నిప్పు పెడతారు, పైగా ఈమెకు కంచె మీద కక్ష. అన్న కూడా అదే నమ్మాడు. నమ్మి, ఇంట్లో గోడ నుంచి గోడకు తిరిగాడు.

"పోలీసు కంప్లైంటు ఇస్తా. ఏమనుకుంటా ఉండాదో! ఇన్నేండ్లు అవ్వా అవ్వా అని ఊరుకుంటి."

"నువ్వు చూసినావా?" అని వదిన అడిగింది.

"చూసేదేమి, తెలియలా?"

నేను రెండు రోజులు సెలవు పెట్టాను. ఇంట్లో ఆ తిరుగుడు చూడలేక గుట్టెక్కాను. మంట ఎక్కడ ఆగిందో చూస్తూ కాలిన అంచు వెంట నడిచాను. శిఖరం దాటి పడమటికి దిగుతుంటే నలుపు హఠాత్తుగా అయిపోయింది. గీత గీసినట్టు. గీతకు అటు పక్క బూడిద, ఇటు పక్క ఎర్ర మట్టి, మేక పెంట. గడ్డి లేదు. గడ్డి లేదు కాబట్టి మంటకు మేత లేదు. ఆ బోడి పట్టీ దాటి కింద, దక్షిణం వైపు మొక్కలు ఆకులతో నిలబడి ఉన్నాయి. అవ్వ మేకలు దొంగతనంగా మేసిన చోటే మంట చచ్చింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. తర్వాత దిగి వెళ్ళి అన్నను తీసుకొచ్చాను. ఎందుకో చెప్పలేదు. కాలు ఈడుస్తూ, విసుక్కుంటూ వచ్చాడు. అంచు దగ్గర నిలబెట్టాను.  ఒక మేక పెంట ఉండ తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"అయితే ఏమి? నిప్పు పెట్టలేదని అర్థమా?"

"కాదు. పెట్టిందో లేదో మనకు తెలియదు. కానీ ఆమె మేకలు లేకపోతే ఆ సగం కూడా ఉండదు."

ఆయన గుట్ట దిగిపోయాడు. ఆ సాయంత్రం నేను వేలూరు బస్సెక్కాను. తర్వాతి వారాలు నాకు లాడ్జీలో ఏ పనీ సరిగా సాగలేదు. తాళాలు ఒక గదివి ఇంకో గది వాళ్ళకు ఇచ్చాను. మేడ మీద దుప్పట్లు ఆరేయిస్తూ కోట దిక్కు నుంచి గుట్టల వరస చూసేదాన్ని. ఏ వంటపొగ లేచినా వదినకు ఫోను చేసేదాన్ని.

అన్న అవ్వ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాడో నాకు ముందు తెలియదు. వదిన ఫోనులో చెబితే తరవాతి సెలవుకు వెళ్ళి అవ్వనే అడిగాను.

"వచ్చినాడమ్మా. వాకిట్లో నిలబడినాడు. కూచోమంటే కూచోలా. 'నువ్వు పెట్టినావా?' అన్నాడు. నేను చెప్పినా: 'నా మేకలు ఆ గుట్ట మీదే ఉన్నాయప్పా ఆ పూట. నా మేకల్ని నేనే కాల్చుకుంటానా?' అని. అంతే. అరిసినాడు, నేనూ అరిసినా.  నీళ్ళిస్తే తాగినాడు."

"తర్వాత?"

"తర్వాత ఏముండాది. గుట్ట చుట్టూతా ఒక దారి వెడల్పు మేర మేపమన్నాడు. ఎండలు రాకముందే. లోపలికి మాత్రం తోలొద్దన్నాడు. నేను చెప్పినా, మేకకి నీ గీత తెలుస్తాదా అని. 'నేను కూడా వస్తా, ఇద్దరం తోలదాం' అన్నాడు."

అలాగే చేశారు. చలికాలం చివర గడ్డి ఎండడం మొదలయ్యేసరికి ఇద్దరూ గుట్ట చుట్టూ మేకల్ని తోలుతూ తిరిగారు. ఒకరు కాలు ఈడుస్తూ, ఒకరు కర్ర ఊనుతూ, ఇద్దరూ తిట్టుకుంటూ. ఆదివారం పిల్లలకు మొదట నచ్చలేదు. మొక్కల దగ్గరికి మేకలా అన్నారు. పెద్దాయన మంట ఆగిన అంచు చూసి, సరే చూద్దాం అన్నాడు. మేకలు వదిలిన చోట పిల్లలే గడ్డి కోశారు. నిప్పు ఎవరు పెట్టారో మాకు ఈనాటికీ తెలియదు. బీడీ కావచ్చు. ఎవరో కావాలనే పెట్టి ఉండవచ్చు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఊళ్ళో మొహాలు ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరుగుతాయి.

మంట తర్వాతి వానలకే కాలిన రేల మొదళ్ళ నుంచి ఎర్రని చిగుళ్ళు వచ్చాయి. కానుగలు, రేగులు లేచాయి. నేరేళ్ళు చాలా మటుకు లేవలేదు. అన్న వాటిని పెరికేయనివ్వలేదు. ఇంకో ఏడు చూద్దాం అన్నాడు. కౌజులు కిందటి చలికాలం మళ్ళీ కూశాయి. ఈసారి పడమటి వైపు నుంచి.

ఈ మధ్య గుట్టకు నక్క వచ్చింది. కూత విన్నది వదిన. ఆదివారం పిల్లలు బురదలో అడుగులు చూసి ఫోటోలు తీసి గంతులేశారు. ఇన్నేళ్ళలో నక్క రాలేదట, కుందేళ్ళు పెరిగితే గానీ రాదట. అన్న నాకు ఫోను చేసి నవ్వాడు. ఆయన నవ్వు ఫోనులో విని ఎంత కాలమైందో.

ఆ వారమే నక్క అవ్వ మేకపిల్లను ఎత్తుకుపోయింది.

నేను వెళ్ళేసరికి అవ్వ మా వాకిట్లో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ గుట్టకి నక్క వచ్చిందని సంతోషపడితివే అప్పా. నా పిల్ల పోయింది. ఇంగ పులి వస్తే ఏమి చేస్తావు? పులికి కూడా టీ పోస్తావా?"

అన్న లోపలికి పోయి, వదిన దాచిపెట్టిన తాపీ, సుత్తి వెతికి తెచ్చుకున్నాడు. అవ్వ మేకలు అప్పటి దాకా ముళ్ళకంప దొడ్డిలో ఉండేవి. మర్నాడు పొద్దున్నే ఆయన ఆమె ఇంటి పక్కన దారం కట్టి గీత వేశాడు. నేను, వదిన రాళ్ళు అందించాం. మొదటి వరస మెల్లగా పెట్టాడు. మూడో వరసకు చెయ్యి పాత వేగం అందుకుంది. ఆయన గోడ కడుతుంటే చూసి ఎన్నాళ్ళైందో, రాయిని చేతిలో ఒకసారి తిప్పి, ఏ మొహం బయటికి పెట్టాలో చూసుకుని, తట్టి దించడం.

అవ్వ కర్ర పట్టుకుని చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఇంత ఎత్తేనా? నక్క దూకుతాది."

"ఇంకా కడతా ఉండాను గదా. నిలబడు."

"వాకిలి యాడ పెడతావు?"

"నీ ఇంటి దిక్కు."

"అట్లైతే వాన నీళ్ళు లోపలికి వస్తాయి. అటుపక్క పెట్టు."

అన్న చేతిలో రాయి దించి గుట్ట వైపు, తర్వాత వాలు వైపు చూశాడు. వాకిలికి వదిలిన చోటు మూసి, అటుపక్క ఒక రాయి తీసేశాడు. నా బస్సు వేళయింది. చేతులకు అంటిన మట్టి కడుక్కోకుండానే రోడ్డు మీదికి నడిచాను.